లెక్కలో లేని మొదటి ముక్క

సుమయా మేడమ్‌కి కోపం వచ్చిన సంగతి ఉదయగిరిలో ఎవరికీ వెంటనే తెలియదు. కేకలు వెయ్యదు, గిన్నెలు విసరదు. తగిన రోజు వచ్చేదాకా కోపాన్ని మడత పెట్టి లోపల దాచుకుంటుంది. మల్లికార్జున మీద కోపాన్ని ఆమె అట్లా ఏళ్ల తరబడి దాచింది. దాచిన కొద్దీ అది పాతబడలేదు సరికదా, పదునెక్కింది. పొద్దున టీ తాగుతూ ఒకసారి, తన కంప్యూటర్ సెంటర్‌కి తాళం వేస్తూ ఒకసారి దాన్ని బయటికి తీసి చూసుకునేది. అన్నం తిన్నంత క్రమంగా పళ్ళు నూరుకునేది.

ఆమె తండ్రి మదార్ సాహెబ్ కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కే పనివాడు. కూతురు నెల్లూరులో లెక్కల ఎమ్మెస్సీ చేసి, కంప్యూటర్‌తో లెక్కలు కట్టించే విద్యలో మునిగిపోయింది. ఇప్పుడు ఉదయగిరి బస్టాండుకు ఎదురుగా మేడ మీద గదిలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతుంది. ఫీజులు అంతంతమాత్రం, పేరు బాగానే ఉంది. అయితే ఆమెకు కావలసిన పేరు ఇది కాదు. అది ఆత్మకూరులో పోయింది, పోయిన చోటే దొరకాలని ఆమె పట్టుదల.

ఆత్మకూరులో ఆమె ఒకప్పుడు ఒక ఆఫీసుకు సగం యజమాని. మిగతా సగం మల్లికార్జున. సంగం వైపు పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. సివిల్ ఇంజనీరు, మాటకారి. కాలవలకూ చెరువు కట్టలకూ డిజైన్ లెక్కలు కట్టి ఇవ్వడం ఆ ఆఫీసు పని. పనులు తేవడం అతని వంతు, లెక్క కట్టడం ఆమె వంతు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. బిర్యానీ తెప్పిస్తే మొదటి పొట్లం ఆమె బల్ల మీదే పెట్టేవాడు. తరవాత అదంతా తలుచుకుంటే ఆమెకు మరింత మండేది. పక్కా దుర్మార్గుడైతే ఒక్క తిట్టుతో సరిపోయేది కదా అనుకునేది.

రైతుల సంఘం వాళ్ళు ఒక కాలవ పని తెచ్చారు. మొదటి షట్టరు దగ్గర ఎన్ని నీళ్ళు వదిలితే చివరి ఊరికి సరిపడా చేరుతాయో తేల్చాలి. కాలవను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో ఎంత ఇంకిపోతుందో కట్టుకుంటూ పోవాలి. ఆ లెక్క దేంతో కట్టాలన్న దగ్గరే ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. మల్లికార్జున ఎక్సెల్ చాలన్నాడు.

"గళ్ళు కంటికి కనపడతాయి సుమయా. రైతులకు చూపిస్తే నమ్ముతారు."

"చూపించేదానికి బాగానే ఉంటాదన్నా. ఈ లెక్క ఒక్కసారితో తేలేది కాదు. వచ్చిన జవాబును మళ్ళీ లోపలికి పంపి, కుదిరిందాకా తిప్పాల. మధ్యలో ఎవరి వేలన్నా తగిలి ఒక గడిలో సూత్రం చెరిగిపోతే మనకు తెలిసేది ఎట్ట?"

సీ భాషలో రాస్తే వేగంగా నడుస్తుంది, కానీ ప్రతి చిన్న పనికీ పునాది నుంచి కట్టుకుంటూ రావాలి. ఫోర్ట్రాన్ ఆమెకు పాఠం చెప్పిన మాస్టారి భాష, ఇట్లాంటి లెక్కల్లో పండిపోయింది, కానీ రేపు తను లేకపోతే దాన్ని సరిదిద్దేవాళ్ళు ఆత్మకూరులో ఎవరున్నారు? మల్లికార్జున స్నేహితుడొకడు మాట్‌ల్యాబ్ అనే ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాడు. దొంగ సరుకుతో మొదలుపెట్టనని సుమయా ఖరాకండిగా చెప్పింది. చివరికి ఆక్టేవ్ అనే భాష ఎంచుకుంది. అది ఉచితం, రాత తీరు దాదాపు మాట్‌ల్యాబ్‌దే, అంకెల పట్టికలను మొత్తంగా పట్టుకుని గుణించగలదు. పైగా వరుసలను ఒకటి నుంచి లెక్కపెడుతుంది. కాలవ మొదటి ముక్క ప్రోగ్రాంలో కూడా మొదటిదే అవుతుంది. ఇంటికి వెళ్ళి ఈ గొడవంతా చెబితే మదార్ సాహెబ్ చేతిలో గరిటె చెక్కుతూనే విన్నాడు. ఏ కొయ్య గొప్పదని ఎవరూ అడగరు, దేనికని అడుగుతారు అన్నాడు. ఆమె కూడా అదే చేసింది కాబట్టి సంతోషపడింది.

ఆ వేసవిలో ఇద్దరూ కాలవ వెంబడి నడిచారు. అతను టేపు లాగాడు, ఆమె రాసుకుంది. షట్టరు దాటగానే వచ్చే మొదటి ముక్క మొత్తం ఇసక. నీళ్ళు మరెక్కడా ఇంకనంతగా అక్కడ ఇంకుతాయి. ఎండకు ఆమె కళ్ళు తిరిగితే అతను తన టోపీ తీసి ఇచ్చాడు. ఆ టోపీ సంగతి ఆమె మర్చిపోవాలని చాలాసార్లు ప్రయత్నించింది, కుదరలేదు.

వానాకాలమంతా కూర్చుని ఆమె ప్రోగ్రాం రాసింది. ఆ ఏడు చివరి ఊరికి నీళ్ళు వచ్చాయి. సంఘం వాళ్ళు మల్లికార్జునకు దండ వేశారు. పేపర్లో ఫోటో పడింది, మల్లికార్జున తయారు చేసిన సాఫ్ట్‌వేర్ అని కింద రాశారు. పేపరు పట్టుకుని ఆమె అతని గదిలోకి వెళ్ళింది.

"రాసింది నేను గదన్నా. ఒక్క మాట చెప్పుండొచ్చు గదా."

అతను నవ్వాడు. "ఎవరు రాస్తే ఏంది సుమయా, టైపింగ్ పనేగా. కాలవ తెలిసినోడు రాసినట్టే లెక్క."

ఆ నెలలోనే ఆఫీసు బోర్డుకు కొత్త రంగు వేయించాడు. అతని పేరు పెద్దదైంది. ఆమె పేరున్న చోట తెల్ల రంగు పడింది. పాత బోర్డు మీద కొత్త తెలుపు కావడంతో అక్కడ ఏదో చెరిపేశారని వీధిలో పోయే ప్రతివాడికీ కనిపించేది. ఆమె తన ప్రోగ్రాం కాపీ తీసుకుని అదే రోజు బస్సెక్కి ఉదయగిరి వచ్చేసింది. అతన్ని అన్నా అని పిలవడం ఆ రోజుతో మానేసింది. పదిమంది ముందర, అతని నోటితోనే తన పేరు చెప్పించాలని ఒట్టు పెట్టుకుంది. కోర్టులూ పంచాయితీలూ ఆమెకు అక్కర్లేదు. ఆ నోరు తన పేరు పలకాలి, అంతే.

కాలం గడిచింది. ఒక గురువారం శీనయ్య ఆమె సెంటర్ మెట్లు ఎక్కి వచ్చాడు. కాలవ చివరి ఊరి రైతు ఆయన. ఆ వేసవిలో ఎండలో పుస్తకం పట్టుకుని నడిచిన అమ్మాయి ఈమేనని గుర్తు పెట్టుకున్నది ఆ కాలవ కింద ఆయన ఒక్కడే.

"నీళ్ళు రాలేదమ్మా," అన్నాడు కూర్చోకుండానే. "లెక్క ప్రకారమే వదిలినామంటారు. లస్కరు కూడా వాళ్ళు చెప్పినంత షట్టరు ఎత్తినాడు, నేను పక్కనే ఉండి చూసినా. మా ఊరికి మాత్రం కాలవలో తేమ కూడా లేదు. చెంచమ్మ అని, పాపం మొగుడు లేడు, కౌలుకు చేస్తా ఉండాది. నారు పోసుకుంది. ఇంకొక్క తడి లేకపోతే అది పోయినట్టే."

ఎంత వదలమన్నారో సుమయా అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె పాత ల్యాప్‌టాప్ తెరిచి తన ప్రోగ్రాం నడిపింది. ఆమె జవాబు పెద్దది, వాళ్ళది చిన్నది. తేడా ఎంతో చూసింది. ఆ అంకె ఆమెకు ముందే పరిచయం. ఇసక ముక్కలో ఇంకిపోయే నీళ్ళు సరిగ్గా అంతే.

"ఈ మధ్య ప్రోగ్రాం ఏమన్నా మార్చినారా మామా?"

"మార్చినారంట. ఇప్పుడందరూ పైథానే వాడతా ఉండారని మల్లికార్జున సారు నెల్లూరు పిలగాడి చేత మార్పించినాడంట. మీటింగులో గొప్పగా చెప్పినాడు."

సుమయా నవ్వింది. చాలా కాలానికి ఆమె మనసారా నవ్విన నవ్వు అది. ఆక్టేవ్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. దీంట్లో రాసింది దాంట్లోకి మార్చేటప్పుడు అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించేస్తే మొదటి వరుస బయటే ఉండిపోతుంది. మిషన్ గోల పెట్టదు, తప్పని చెప్పదు, మిగతా ముక్కలకు లెక్క చక్కగా కట్టి జవాబు చేతిలో పెడుతుంది. ఇందులో పైథాన్ తప్పేమీ లేదు. ఆమె ఇప్పుడు పిల్లలకు నేర్పేది అదే, కొత్తగా అయితే ఆ లెక్క తనే అందులో రాసేది. భాషను ఎందుకు ఎంచుకున్నామో తెలియకుండా, అందరూ వాడుతున్నారని మార్చినవాడిదే తప్పు.

ఆ ఆఫీసులో అది ఎవరికీ ఎందుకు దొరకలేదో కూడా ఆమెకు తెలుసు. మల్లికార్జున ఏ షీటు మొదలుపెట్టినా మొదటి వరుసలో శ్రీ అని కొట్టిస్తాడు, వాళ్ళ నాయన అలవాటు. మదార్ సాహెబ్ చెంచాల లెక్క పైన 786 వేసుకుంటాడు, అది ఈయన అలవాటు. సుమయా మాత్రం తన పట్టికలో రెండూ పెట్టలేదు. మిషన్‌కి ఏ దేవుడూ అక్కర్లేదని నేరుగా ఇసక ముక్కతోనే మొదలుపెట్టింది. ప్రోగ్రాం మొదటి వరుసను వదిలేస్తుంటే, శ్రీ వరుసే కదా, వదిలేయాల్సిందే అని అందరూ తల ఊపి ఉంటారు.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. అతని నంబరు ఇంకా ఉంది. ఒక్క మాట చెబితే సాయంత్రానికి షట్టరు ఇంకొంచెం లేస్తుంది. చెబితే మల్లికార్జున థాంక్స్ సుమయా అంటాడు, రాత్రికి రాత్రి సరిచేయిస్తాడు, మళ్ళీ దండ వేయించుకుంటాడు. అది తలుచుకోగానే ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది.

"మళ్ళీ మీటింగు ఎప్పుడు మామా?"

"వచ్చే బుధవారం."

"ఆ రోజు నేనొస్తా. లెక్క సరిచూసేదానికి అంత టైం పడతాది. అందాకా ఎవరితోనూ అనొద్దు."

శీనయ్య నమ్మాడు. లెక్క అప్పటికే తెర మీద తేలిపోయి ఉంది. అది ఆయనకు చదవడం రాదు, ఆమె చదివి చెప్పలేదు.

ఆ వారం సుమయాకు పండగలా గడిచింది. పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగి కిటికీలోంచి ఆత్మకూరు బస్సు వైపు చూసేది. మల్లికార్జున ఏం చేస్తాడో ఆమెకు బాగా తెలుసు. కలిసి పనిచేసినన్నాళ్ళూ ఒక్క తప్పు కూడా తనదని ఒప్పుకోలేదు. టేపు తప్పు పట్టుకున్నా టేపు కొన్నవాడి మీదికి నెట్టేవాడు. రేపు తప్పు బయటపడితే తోసెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి పేరు అతని నాలుక చివరే ఉంటుంది. ఆ క్షణాన్ని ఆమె ఎన్ని రకాలుగా ఊహించుకుందో చెప్పలేం. మధ్యలో నారుమడి గుర్తుకొచ్చిందా అంటే వచ్చింది. బుధవారమే కదా అనుకుని పక్కకు తోసేసింది.

బుధవారం పొద్దున సంఘం హాలు నిండిపోయింది. అధ్యక్షుడు జనార్దనయ్య బల్ల వెనక కూర్చున్నాడు, కార్యదర్శి మినిట్స్ రాస్తున్నాడు. మల్లికార్జున ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి, గోడ మీద పట్టికలు చూపిస్తూ, లెక్కలో ఏ లోపమూ లేదని, మధ్య ఊళ్ళ వాళ్ళే నీళ్ళు మళ్ళించుకుని ఉంటారని చెబుతున్నాడు. సుమయా వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది. అతను ఆమెను చూడలేదు.

ఆమె నేర్పినట్టే శీనయ్య లేచాడు. "సార్, షట్టరు కాడ ఇసక ముక్క ఉండాది గదా. దాంట్లో ఎన్ని నీళ్ళు ఇంకుతాయని వేసినారు? అది కొంచెం చూపించండి."

మల్లికార్జున గోడ మీద వరుసలు చూపిస్తూ పోయాడు. పట్టిక రెండో ముక్కతో మొదలైంది.

"మొదటి ముక్క ఏది?" అన్నాడు జనార్దనయ్య.

"పై వరుస శ్రీకి వదిలేస్తామన్నా. ప్రోగ్రాం దాన్ని లెక్కలోకి తీసుకోదు."

"ఏదీ, శ్రీ చూపించు."

మల్లికార్జున మూల పట్టిక తెరిచాడు. పై వరుసలో శ్రీ లేదు. ఇసక ముక్క ఉంది, దాని పొడవు, వాలు, ఇంకుడు అన్నీ ఉన్నాయి. హాల్లో గుసగుసలు మొదలై, గోలగా మారాయి. చివరి ఊరి వాళ్ళు ఒక్కసారిగా లేచారు. మల్లికార్జున నుదుటి మీద చెమట వెనక వరసకు కూడా కనిపించింది. ఆ చెమటను సుమయా కళ్ళార్పకుండా చూసింది, చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా అనిపించింది.

"ఆగండి," అన్నాడు అతను చేతులెత్తి. "నా మీద పడితే ఎట్ట? ఈ ప్రోగ్రాం రాసింది నేను కాదు. అప్పట్లో మా ఆఫీసులో సుమయా అని ఒకామె ఉండేది, మదార్ సాహెబ్ కూతురు. మొదలు నుంచి చివరి దాకా మొత్తం ఆమే రాసింది. కట్టిన లెక్క ఆమెది, తప్పూ ఆమెదే."

సుమయా కొంగు సర్దుకుని లేచి నిలబడింది. "జనార్దనయ్య గారూ, ఆ మాట మినిట్స్‌లో రాయించండి. మొదలు నుంచి చివరి దాకా నేనే రాసినానని సార్ చెప్పినారు గదా, అది కూడా రాయించండి."

కార్యదర్శి రాసిందాకా ఆమె కదల్లేదు. తరవాత ముందుకు నడిచి తన పాత ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి ప్రోగ్రాం నడిపింది. గోడ మీద మొదటి వరుసలో ఇసక ముక్క వచ్చింది, చివరి వరుసలో వదలాల్సిన నీళ్ళు వచ్చాయి. తను రాసింది ఇది, సార్ మార్పించింది అది అని రెండు వాక్యాల్లో చెప్పింది. అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆమె ఆపలేదు.

"టైపింగ్ పనే సార్, ఎవరైనా చేస్తారు," అంది కుర్చీ అతని వైపు జరిపి. "మొదటి ముక్క కలిపేదానికి ఒక్క అంకె మారిస్తే చాలు. మీ ప్రోగ్రామే గదా, మార్చి చూపించండి."

అతను కూర్చున్నాడు. తెర మీద వరుసలను పైకీ కిందికీ జరిపాడు. ఏ అంకె మార్చాలో తెలియలేదు. ఆమె సాయం చెయ్యలేదు, పక్కకు తప్పుకోనూ లేదు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వరస వరసకూ పాకింది. ఇక చాలని జనార్దనయ్యే లస్కరుకు ఫోన్ చేసి షట్టరు ఇంకా ఎత్తమన్నాడు. ఇకమీదట నీళ్ళ లెక్క సుమయానే చూస్తుందని కూడా రాయించాడు. ఇన్నేళ్ళు దాచుకున్నదానికి పైసా తగ్గకుండా వసూలైందని ఆమెకు అనిపించింది.

బయట మెట్ల మీద మల్లికార్జున ఆమెను ఆపాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"శీనయ్య నీ దగ్గరికి గురువారమే వచ్చినాడంట. ఒక్క ఫోన్ చేసుండొచ్చు గదా సుమయా. ఆ సాయంత్రమే సరిచేయించేవాణ్ణి."

"ఫోన్‌లో పదిమంది ఉండరు," అంది ఆమె.

అతను కారు వైపు వెళ్ళిపోయాడు. ఆ నడక చూసి ఆమె తృప్తిగా మెట్లు దిగబోయింది. కింది మెట్టు మీద ఒక నడివయసు ఆడమనిషి చెప్పులు వేసుకుంటూ, ఆ మాటలు విని ఆగిపోయి ఆమె వంకే చూస్తోంది. పక్కన నిలబడిన శీనయ్య, ఈమే చెంచమ్మ అని చెప్పాడు.

"నీకు గురువారమే తెలుసా అమ్మా?" అని అడిగింది చెంచమ్మ.

అబద్ధం నోటిదాకా వచ్చింది. శీనయ్య ముఖం చూశాక సుమయా దాన్ని మింగేసింది. "తెలుసు."

"లెక్క తేలేదానికి బుధవారం దాకా పడతాదని ఈయన చెప్పినాడే."

"తేలింది గురువారమే."

శీనయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. "గురువారం మా నారు పచ్చగానే ఉండింది," అంది చెంచమ్మ. "ఆదివారం కూడా కొంచెం ఉండింది. నిన్న పీకి గట్టు మీద వేసినా, గొడ్లు కూడా ముట్టుకోలేదు. ఇప్పుడు నీళ్ళొస్తే నాకేం పని?"

సుమయా వేరే నారు చూద్దామని, తను ఎవరితోనైనా మాట్లాడతానని ఏదో మొదలుపెట్టింది. చెంచమ్మ అది వినలేదు.

"లోపల ఆ సారు నీ పేరు చెప్పినాడు గానీ సరిగ్గా వినపడలా. నీ పేరేంది?"

"సుమయా."

"సుమయా," అని ఒకసారి అనుకుంది చెంచమ్మ. "గుర్తు పెట్టుకుంటాలే అమ్మా."

చెప్పులు వేసుకుని, చివరి ఊరికి పోయే ఆటో వైపు నడిచింది. శీనయ్య కూడా వెనక్కి చూడకుండా ఆమె వెంట వెళ్ళాడు.

ఉదయగిరి బస్సులో సుమయాకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని టికెట్ తీసుకుంది. తనలాగే చెంచమ్మ కూడా ఒక్క కేక వెయ్యలేదన్న సంగతి ఆమెకు బస్సు ఆత్మకూరు దాటాక తట్టింది.